ఆషాఢంలో వచ్చిన యూట్

రెండువేల ఇరవై ఐదు, జూన్ నెల. సిడ్నీలో పారమట్టా దగ్గర ఒక కార్ల షోరూం. ఇరవై ఆరేళ్ళుగా అక్కడ బళ్ళు అమ్ముతున్నాను. నా పేరు మూర్తి. షోరూంలో అందరూ మర్ఫ్ అంటారు, తెలుగువాళ్ళు అంకుల్ అంటారు. డెబ్భై దాటాక వారానికి మూడు రోజులే వెళ్తున్నాను. నేను లేని రోజుల్లో షోరూం మూసేసినంత పనవుతుందని చాలామందికి చెప్పాను. ఆ రోజుల్లోనే అమ్మకాలు కాస్త బాగుంటాయని మా మేనేజరు ట్రేసీ అంటుంది. ఆవిడ దగ్గర కాగితాలున్నాయి కాబట్టి ఒప్పుకుంటున్నాను.

కార్లమ్మేవాడు కనబడితే జనం అడిగేది ఒకటే: "ఎంత తగ్గిస్తారు?" అది కాక ఈ పని గురించి ఇంకేమైనా తెలుసుకోవాలనుకునేవాళ్ళ కోసం ఈ సంగతి రాస్తున్నాను.

ఆ ఏడు మా కంపెనీ ఒక కొత్త యూట్ తెచ్చింది. యూట్ అంటే ముందు అయిదుగురు కూర్చునే కారు, వెనక సరుకు వేసుకునే తొట్టి. ప్లంబర్లు, వడ్రంగులు, తోటపనివాళ్ళు, వారాంతంలో సముద్రానికి పోయేవాళ్ళు, ఈ దేశంలో సగంమందికి అదే బండి. కొత్తగా వచ్చింది ప్లగ్-ఇన్ హైబ్రిడ్. ఇంట్లో గోడకి తగిలించి ఛార్జి చేసుకోవచ్చు. ఛార్జి అయిపోతే పెట్రోలు మీద నడుస్తుంది. పైగా తొట్టిలో కరెంటు సాకెట్లుంటాయి. రంపమో ఫ్రిజ్జో తగిలిస్తే బండి బ్యాటరీ నుంచే కరెంటు వస్తుంది. ఇవన్నీ ఉన్న బళ్ళు ఇంతకుముందూ ఉన్నాయి కానీ మామూలు మనిషి ధర అడిగి టీ తాగి వెళ్ళిపోవాల్సిందే. ఇది మాత్రం అందే ధరలో వచ్చింది.

దానికోసం సిడ్నీ సగం మా గుమ్మం ముందు బారులు తీరింది. జనాన్ని అదుపు చెయ్యడానికి సెక్యూరిటీని పెట్టాల్సి వచ్చింది.

సరే, సెక్యూరిటీ లేదు. మొదటి శనివారం పొద్దున నలుగురు వచ్చారు, అందులో ఒకాయన టాయ్‌లెట్ కోసం వచ్చాడు. కానీ ఫోన్లు మాత్రం నిజంగానే ఆగలేదు.

వచ్చిన చిక్కేమిటంటే బళ్ళు లేవు. కంపెనీవాళ్ళు ఓడలో ముందు ఖరీదైన రకాలు పంపుతారు, వాళ్ళకి లాభం అందులో. జనం అడిగే చవక రకం అక్కడొకటి ఇక్కడొకటి విదిలిస్తారు. ఒక్కో షోరూంకి ఇన్ని అని పంచుతారు, దాన్ని అలొకేషన్ అంటాం. షోరూంకి వచ్చినవాటిని ట్రేసీ మళ్ళీ మా అమ్మేవాళ్ళకి పంచుతుంది. ఎవరి వాటా వాళ్ళ దగ్గర ఆర్డరిచ్చినవాళ్ళ వరసలో ముందున్నవాళ్ళకి వెళ్తుంది. ఆ జూన్‌లో నా వాటాకి వచ్చింది ఒకే ఒక్క బండి. తెల్లది, చవక రకం.

నా వరసలో ఉన్నవాళ్ళంతా తెలుగువాళ్ళే. పడమటి సిడ్నీలో తెలుగువాడెవడైనా నన్ను దాటుకుని బండి కొన్నాడా అని నేను ఛాలెంజ్ చేస్తుంటాను. చాలామందే కొన్నారు, మా బావమరిదితో సహా.

వరసలో మొదటివారు డాక్టర్ ప్రసాద్‌గారు. గుండె డాక్టరు, ముప్పయ్యేళ్ళుగా ఇక్కడే. ఊరి బయట అయిదెకరాలు కొని వారాంతంలో వంకాయలూ గోంగూరా పండిస్తారు. ఆయన కుటుంబానికి అయిదు కార్లు నేనే అమ్మాను. నాలుగు. అయిదోది ఆయనే ఇంటర్నెట్‌లో చూసుకుని కొన్నారు.

ఆరో మనిషి అరుణ. ఎడ్మండ్‌సన్ పార్క్ అనే పేటలో ఉంటుంది, ఒంగోలు వైపు పిల్ల. భర్త ఆసుపత్రిలో ఉద్యోగం. ఈ పిల్లా, వాళ్ళ అత్తగారు నాగరత్నమ్మగారూ కలిసి శనివారం మార్కెట్లో దోసెల స్టాలు నడుపుతారు. పెసరట్టు, కారందోసె, ఉల్లిపాయ ఊతప్పం. గ్యాసు పొయ్యి మీద పెనం, వెనక పిండి ఉంచే ఫ్రిజ్, పచ్చడికి మిక్సీ, లైట్లు. ఈ మూడింటికీ ఒక పెట్రోలు జనరేటరు. అది పెట్టే గోలకి జనం ఊతప్పం అడగాలంటే అరవాలి. పక్కన పూలమ్మే ఆవిడ రెండేళ్ళుగా దాని పొగ గురించి ఫిర్యాదు చేస్తూనే ఉంది. చివరికి మార్కెట్ నడిపే మేనేజరు తేల్చి చెప్పేశాడు: జూలై మొదటి శనివారం నుంచి పెట్రోలు జనరేటర్లు పనికిరావు. చప్పుడు లేని కరెంటు తెచ్చుకోలేనివాళ్ళ చోటు, కాచుక్కూర్చున్న వేరేవాళ్ళకి పోతుంది.

"పెద్ద బ్యాటరీ బాక్సు కొనచ్చు కదమ్మా?" అని అడిగాను ఫిబ్రవరిలో ఆర్డరు రాసుకునేటప్పుడు.

"దాని ధర చూశారా అంకుల్? పైగా మా పాత యూట్ చివరి దశలో ఉంది. రెండూ ఎక్కడ కొంటాం? ఫుల్ ఎలక్ట్రిక్ అందామంటే ఫెస్టివల్స్‌కి కొండలు దాటి బాథర్స్ట్ దాకా వెళ్తాం, దారిలో ఛార్జింగ్ కోసం కూర్చుంటే పిండి పులిసిపోతుంది. నాకిదొక్కటే ఆన్సర్. జూన్‌లో వస్తుందా రాదా? నిజం చెప్పండి."

"నా మాట మీద ఓడలు నడుస్తాయమ్మా," అన్నాను.

నడవవు. ఆ సంగతి ఆ పిల్లకి అప్పుడే చెప్పి ఉండాల్సింది.

జూన్ ఆఖరి వారం, గురువారం. బండి మా యార్డులో దిగింది. ఆస్ట్రేలియాలో లెక్కల సంవత్సరం జూన్ ముప్పైతో ముగుస్తుంది. పన్నులో తగ్గింపు దొరుకుతుందని పనివాళ్ళు బళ్ళన్నీ ఆ లోపలే తీసుకుంటారు. కంపెనీలూ అమ్మకాలన్నీ ఆ తేదీలోపలే చూపించుకోవాలని తహతహలాడతాయి. ఆసారి మా కంపెనీ గట్టిగా చెప్పింది: ముప్పయ్యో తారీఖు సాయంత్రానికి హ్యాండోవర్ కాని బండి వెనక్కి తీసుకుని వేరే షోరూంకి ఇచ్చేస్తాం. హ్యాండోవర్ అంటే ఉత్త సంతకం కాదు. కొన్నవాళ్ళ ఫోనులో బండి యాప్ తెరిచి, బండిని మా గేటు దాటించాలి.

ముప్పయ్యో తారీఖు సోమవారం. మాకున్నవి నాలుగైదు రోజులు. ఎగిరిపడుతూ డాక్టరుగారికి ఫోను చేశాను.

"వచ్చేసిందా!" అన్నారాయన. గుండె డాక్టరుకే గుండె ఆగినంత పనయింది. "ఏ రోజు తీసుకోవాలి?"

"సోమవారం లోపల ఎప్పుడైనా."

"ఒక్క నిమిషం." ఫోను పక్కన పెట్టినట్టున్నారు. వెనక నుంచి ఆయన భార్య లలితగారి గొంతు స్పష్టంగా వినబడింది. "ఆషాఢంలోనా? ఇవాళే మొదలైంది. నెల పొడుగునా మంచి రోజులుంటే ఊరుకుని, ఇప్పుడు తెస్తారా కొత్త బండి? గుమ్మంలోకి రానివ్వను."

డాక్టరుగారు మళ్ళీ లైన్లోకి వచ్చారు. "మూర్తిగారూ, శ్రావణంలో తీసుకుంటాం. అక్కడే ఓ మూల ఉంచండి."

"ఉంచడానికి వీల్లేదండీ. ముప్పై దాటితే వెనక్కి పోతుంది."

"పోతే పోనీండి. తరవాతి ఓడలో మాత్రం నాదే మొదటి వంతు."

రెండో మనిషి, సాఫ్ట్‌వేర్ కుర్రాడు. "అంకుల్, నాకైతే ఇలాంటివాటి మీద అస్సలు బిలీఫ్ లేదు. మా అమ్మకుంది. అమ్మ వీడియో కాల్‌లో రోజూ గ్యారేజీ చూపించమంటుంది."

మూడో మనిషికి ఏప్రిల్‌లోనే పెళ్ళయింది. "పెళ్ళాన్నే ఆషాఢానికి మెల్‌బోర్న్‌లో పుట్టింటికి పంపించేశారు అంకుల్. ఇప్పుడు బండి తెచ్చుకుంటే ఏమంటారు?"

నాలుగో ఆవిడ, బండి నల్లదేమో అని ముందు భయపడి, తెల్లదని తెలిశాక సంతోషించి, అయినా వద్దంది. అయిదో వాడు ఇక్కడే పుట్టి పెరిగినవాడు. ఆషాఢమంటే ఏమిటో తెలీదు, "రేపు ఆర్వో వచ్చేస్తా" అన్నాడు. మధ్యాహ్నం అనడానికి ఇక్కడివాళ్ళు ఆర్వో అంటారు. పది నిమిషాల్లో మళ్ళీ ఫోను. "అంకుల్, సారీ. గూగుల్ చేశాను."

ట్రేసీ తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూస్తోంది. ఊళ్ళో ఎవరికీ దొరకని బండిని వరసగా అయిదుగురు వద్దనడం ఆవిడ సర్వీసులో చూడలేదు.

"మర్ఫ్, అందరూ ఆషాడం ఆషాడం అంటున్నారు, ఎవరది? మనకి పోటీ డీలరా?"

"అంతకన్నా పెద్దవాడు," అన్నాను. "డిస్కౌంట్ ఇచ్చినా లొంగడు."

"సోమవారం సాయంత్రానికి నీ దగ్గర సంతకం లేకపోతే బండి వెళ్ళిపోతుంది, మేట్. నేను ఆపలేను."

అరుణకి చేశాను. ఫోను ఎత్తగానే ఏడుపూ నవ్వూ కలిసిన గొంతు. "నాకు ఓకే అంకుల్, వంద సార్లు ఓకే. కానీ అత్తయ్యని అడగాలి. స్టాలు పేరుకి నాది, చెయ్యి ఆవిడది. ఆవిడ మనసులో శంక పెట్టుకుని పెనం ముందు నిలబడితే నేను చూళ్ళేను."

"నువ్వడగద్దు. నేనొస్తాను," అన్నాను.

శనివారం మార్కెట్‌కి వెళ్ళి, నాగరత్నమ్మగారి ముందు ధర్మశాస్త్రాలన్నీ విప్పి, శ్లోకం మీద శ్లోకం చదివి ఆవిడ చేత చేతులెత్తి దణ్ణం పెట్టించుకున్నానని తరవాత షోరూంలో చెప్పాను. షోరూంలో ఎవరికీ శ్లోకాలు తెలీవు కాబట్టి నమ్మారు. నాకూ తెలీవు. అక్కడ నేను చేసిందల్లా ప్లేటు పట్టుకుని నిలబడడం.

జనరేటరు ఆ రోజు మరీ రెచ్చిపోయి మోగుతోంది. నాగరత్నమ్మగారు స్వెట్టరు మీద కొంగు బిగించి పెనం మీద పెసరట్టు తిప్పుతున్నారు. నన్ను చూసి, "రండి అన్నయ్యగారూ. ఆషాఢంలో బండి కొనమని చెప్పడానికి ఇంత దూరం వచ్చారా?" అన్నారు. కోడలు చెప్పనే చెప్పేసిందన్నమాట.

"అది కాదమ్మా," గొంతు పెంచాను, కొంత జనరేటరు కోసం, కొంత ధైర్యం కోసం. "మనం భూమికి కింది వైపున్నాం. అక్కడ వానాకాలమైతే ఇక్కడ చలికాలం. అక్కడి ఆషాఢం ఇక్కడికి వర్తించదు."

"మరి వినాయకచవితి ఎలా వర్తిస్తోంది? పులిహోర పెట్టేటప్పుడు మీరే ముందు వరసలో ఉంటారు."

పక్కన చెట్నీ గిన్నెలు సర్దుతున్న అరుణ అటు తిరిగి నవ్వింది. నేను పెసరట్టు నోట్లో పెట్టుకున్నాను.

ఆవిడే అడిగారు. "ఆ బండి కరెంటుతో ఏమేం నడుస్తాయి?"

"ఫ్రిజ్, మిక్సీ, లైట్లు, అన్నీ."

"గ్రైండరు?"

"గ్రైండరేమిటమ్మా, మీ వీధి వీధంతా నడుస్తుంది."

ఆవిడ నాకేసి ఓసారి చూసి మళ్ళీ పెనం కేసి తిరిగారు. రెండు అట్లు పోశారు.

"ఆషాఢంలో పొయ్యి పాడైందనుకోండి," అన్నారు నెమ్మదిగా. "శ్రావణం దాకా వండుకోకుండా ఉంటామా? కొత్త పొయ్యి తెచ్చుకోమా?"

"తెచ్చుకుంటాం."

"ఈ మోతగాడు పొయ్యే కదా మాకు," అని జనరేటరు కేసి అట్లకాడ చూపించారు. "వాడు పాడైనట్టే. వాడి బదులు ఇంకోటి తెచ్చుకుంటున్నాం. శ్రావణం వచ్చేదాకా నేను అందులో షికారుకి కూర్చోను, గుడికీ తీసుకెళ్ళం. స్టాలుకి వస్తుంది, ఇంటికి పోతుంది. మంచిరోజు చూసి పూజ చేసినప్పుడు దాన్ని బండి అందాం. అంతవరకు పొయ్యే."

"అత్తయ్యా!" అంది అరుణ.

"ఆగవే. చూడకుండా సంతకం పెట్టనివ్వను. అన్నయ్యగారూ, సోమవారం పొద్దున మా పెద్ద గ్రైండరు తెస్తాను. దాన్ని తిప్పి చూపించండి. అది తిరిగితే మిగతావన్నీ ఓ లెక్కా?"

కోయంబత్తూరు నుంచి ఓడలో తెప్పించుకున్న గ్రైండరది. నా బరువుంటుంది. "రండమ్మా, రెండు తెచ్చుకోండి," అన్నాను.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఆదివారం ఒక పిల్లాడి పుట్టినరోజుకి పార్కులో బార్బీ పెట్టారు. మాంసం కాల్చుకుంటూ కబుర్లు చెప్పుకునే ఆ సంబరానికి నేను లేకపోతే ఎలా? అక్కడ పదిమందిలో నిలబడి, ఆషాఢం నోట్లోంచి బండిని నేను ఎలా లాగానో, గుండె డాక్టరు వద్దన్నదాన్ని దోసెల పిల్లకి ఎలా కట్టబెట్టానో, చేతులు తిప్పుతూ చెప్పాను. వింటున్న పదిమందిలో ఒకాయన డాక్టరుగారికి తోడల్లుడు. ఆ సంగతి నాకు తెలీదని రాద్దామనుకున్నాను. తెలుసు. మాట ఊపులో ఉన్నప్పుడు ఎదురుగా ఎవరున్నారో నాకు కనబడదు.

సోమవారం పొద్దున తలుపు తీసేసరికి డాక్టరుగారు సోఫాలో కూర్చుని ఉన్నారు.

"ఎవరికిస్తున్నారు మూర్తిగారూ నా బండి?"

"తమరు వద్దన్నారు కదండీ."

"వద్దన్నాను. వేరేవాళ్ళు తీసుకుంటున్నారని వినగానే రాత్రంతా నిద్రపట్టలేదు. ఆలోచించాను. మా ఆసుపత్రిలో పనిచేసే ఆయనకి పెద్ద షెడ్డుంది. ఆయనకి ఆషాఢం లేదు. ఇవాళ నేను సంతకం పెట్టి, బండిని సరాసరి ఆయన షెడ్డుకి తోలించి, టార్పాలిన్ కప్పేస్తాను. శ్రావణంలో ఇంటికి తెచ్చుకుంటాను. ఏది, పెన్నివ్వండి."

ట్రేసీ దగ్గరికి పరిగెత్తాను. నా పరుగు కాబట్టి అక్కడికి చేరడానికి కాస్త సమయం పట్టింది. ఆవిడ మొహమాటం లేకుండా చెప్పింది.

"ఆమె ఇంకా సంతకం పెట్టలేదు, మర్ఫ్. వరసలో ఆయన ముందున్నాడు. ఇవాళ తీసుకుంటానంటే అది ఆయన బండే. నీకు నచ్చినా నచ్చకపోయినా."

ఆవిడ అన్నది సబబే. వరసని మేం మా ఇష్టానికి మార్చడం మొదలుపెడితే రేపు ఎవడూ మమ్మల్ని నమ్మడు. కానీ శనివారం మార్కెట్లో చోటు పోయేది అరుణకి. ఆ వయసులో, ఆ చలిలో తెల్లారకుండా లేచి పప్పు కడిగే నాగరత్నమ్మగారికి.

సరిగ్గా అప్పుడే మా ప్రింటరు పాడైంది. అగ్రిమెంటు కాగితాలు బయటికి రాలేదు. దేవుడి లీల. దేవుడు ప్రింటరు కాగితాల ట్రే ఊడదీసి నా కుర్చీ కింద పెట్టాడు. "ఒక్క కాఫీ తాగండి డాక్టరుగారూ, ఇప్పుడే బాగుచేయిస్తాను," అన్నాను.

ఆయన కాఫీ సగంలో ఉండగా అరుణ వాళ్ళ పాత యూట్ దగ్గుకుంటూ లోపలికొచ్చింది. తొట్టిలో తాళ్ళతో కట్టిన గ్రైండరు. ముందు సీట్లో ఒళ్ళో గిన్నె పెట్టుకుని నాగరత్నమ్మగారు. గిన్నెలో రాత్రి నానబోసిన మినపప్పు.

వర్క్‌షాపు నుంచి ఇద్దరు మెకానిక్కులు వచ్చి గ్రైండరుని దింపి కొత్త యూట్ వెనక పెట్టారు. ఇండియా ప్లగ్గుకి ఇక్కడి అడాప్టరు తొడిగి తొట్టిలో సాకెట్టుకి తగిలించింది అరుణ. నాగరత్నమ్మగారు పప్పు వేసి, నీళ్ళు చిలకరించి, నాకేసి చూశారు. నేను రాజుగారిలా చెయ్యి ఊపాను. అరుణ స్విచ్చి నొక్కింది.

ఏమీ కాలేదు.

మళ్ళీ నొక్కింది. ప్లగ్గు తీసి పెట్టింది. పక్క సాకెట్టుకి మార్చింది. చప్పుడు లేదు. అరుణ మొహం పాలిపోయింది. "అంకుల్, ఏదైనా ఆన్ చెయ్యాలా?"

ఆ బండిలో ప్రతి బటనూ నాకు కంఠతా వచ్చని ఆర్నెల్లుగా చెబుతున్నాను. లోపల కూర్చుని కనబడినవన్నీ నొక్కాను. వైపర్లు తిరిగాయి. వెనక అద్దం వేడెక్కింది. సీటు నన్ను వెనక్కి పడుకోబెట్టింది. నాగరత్నమ్మగారు పప్పులో చెయ్యి పెట్టుకుని, "వీధి వీధంతా అన్నారు కదా అన్నయ్యగారూ," అన్నారు.

ఇంతలో గుమ్మంలోంచి ఒక గొంతు. "అలా కాదయ్యా!"

డాక్టరుగారు. కాఫీ కప్పుతో సహా బయటికొచ్చేశారు. ఈ బండికి ఆర్డరిచ్చిన రోజు నుంచి దాని పుస్తకం మొత్తం చదివి, ఇంటర్నెట్‌లో ఉన్న వీడియోలన్నీ చూసి కూర్చున్న మనిషి. ఎదురుగా ఇంకొకడు తప్పు చేస్తుంటే తట్టుకోలేకపోయారు. "లేవండి, లేవండి," అని నన్ను పక్కకి నెట్టి సీట్లో కూర్చున్నారు. "స్క్రీన్ మీద పక్కకి జరపాలి. ఇదిగో, డిశ్చార్జ్ అని ఉంది చూడండి. ఇది ఆన్ చేస్తేనే వెనక సాకెట్లకి కరెంటు వెళ్తుంది. బ్యాటరీ ఎంత మిగలాలో ఇక్కడ పెట్టుకోవాలి. ఊఁ, ఇప్పుడు నొక్కమ్మా."

అరుణ నొక్కింది.

గ్రైండరు ఒక్క కుదుపు కుదిపి తిరగడం మొదలెట్టింది. రాళ్ళ కింద పప్పు గరగరమంది. బండి మాత్రం కిక్కురుమనలేదు. ఇంజను మోత లేదు, పొగ లేదు. మెకానిక్కులు ఈలలేశారు. నాగరత్నమ్మగారు తిరుగుతున్న గ్రైండరు మీద వంగి, రెండు వేళ్ళతో పిండి తీసి నలిపి చూశారు. "బాగా నలుగుతోంది," అన్నారు, అంతే. అరుణ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

డాక్టరుగారు సీట్లోంచి దిగి, చేతులు కట్టుకుని ఆ పిండినే చూస్తున్నారు. "దేనికమ్మా ఇదంతా?" అని అరుణని అడిగారు. ఆ పిల్ల శనివారం సంగతి చెప్పింది. జనరేటరు, పూలావిడ, పోబోతున్న చోటు. ఆయనెవరో ఆ పిల్లకి తెలీదు. నేనూ చెప్పలేదు.

"మీరూ యూట్ కోసమే వచ్చారా బాబూ? ఏం పనికి?" అని అడిగారు నాగరత్నమ్మగారు, మాట కలుపుతూ.

డాక్టరుగారు నాకేసి చూశారు. తరవాత బండి కేసి. "తోటకండీ," అన్నారు. "వారాంతంలో ఎరువు మూటలవీ." తొట్టి అంచు మీద చెయ్యి వేశారు. "నేనిప్పుడు తీసుకెళ్తే ఇది శ్రావణం దాకా టార్పాలిన్ కింద ఉంటుంది."

"అయ్యో, పాపం," అన్నారావిడ, బండి మీద జాలిపడి.

ఆయన గట్టిగా నవ్వేశారు. మా సోఫాలో కూర్చున్నప్పటి మనిషి కారు. "మూర్తిగారూ, ప్రింటరు బాగైతే ఈ అమ్మాయి కాగితాలు తియ్యండి. శ్రావణంలో నాది రాకపోతే మాత్రం మీ గుండె పరీక్ష నేనే చేస్తాను."

ప్రింటరు తక్షణం బాగైంది.

హ్యాండోవర్ అయ్యేసరికి మధ్యాహ్నమైంది. ట్రేసీ తాళాలతో పాటు తన డ్రాయర్లోంచి నాలుగు నిమ్మకాయలు తెచ్చింది. తెలుగువాళ్ళు బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారని ఇన్నేళ్ళలో నేర్చుకుని, ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతుంది. నాగరత్నమ్మగారు ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపేశారు. "ఇప్పుడు కాదమ్మా, పొయ్యికి నిమ్మకాయలు పెట్టం. ఇటివ్వు, పులిహోరకి పనికొస్తాయి." నేను ఇంగ్లీషులో చెప్పాను. ట్రేసీ ఆవిణ్ణి వాటేసుకుంది.

అరుణ ఒక్కతే కొత్త యూట్‌లో గేటు దాటింది. వెనక ఆ పాత యూట్‌ని నేను నడుపుతుంటే, అన్న మాట ప్రకారం నాగరత్నమ్మగారు నా పక్కన కూర్చున్నారు. దారి పొడుగునా కొత్త బండి వెనక దీపాలనే చూస్తూ, "నెమ్మదిగా పోతోంది, మంచి పిల్ల," అన్నారు. బండినన్నారో కోడల్నన్నారో నేనడగలేదు.

జూలై మొదటి శనివారం పొద్దున్నే మార్కెట్‌కి వెళ్ళాను. వందలమంది దోసెల కోసం కొట్టుకుంటున్నారని రాయాలని ఉంది. పదిహేనుమంది ఉన్నారు. కానీ ఆ పదిహేనుమంది మాటలూ మాటల్లా వినబడుతున్నాయి. పెనం మీద నూనె చుర్రుమనడం వినబడుతోంది. మేనేజరు వచ్చి వెనక వైరు చూసి, బొటనవేలెత్తి, ఊతప్పం పట్టుకుని వెళ్ళాడు. పూలమ్మే ఆవిడ రెండేళ్ళలో మొదటిసారి వాళ్ళ స్టాలు ముందు నిలబడి, "ఇందులో కారం తక్కువది ఏది?" అని అడిగింది. అరుణ ఆవిడకి పెద్ద దోసె పోసి డబ్బు తీసుకోలేదు.

డాక్టరుగారి బండి శ్రావణంలోనే వచ్చింది. నా మాట మీద ఓడ నడిచింది. అంటే, ట్రేసీ మా సంగతంతా కంపెనీవాళ్ళకి చెప్పి బతిమాలింది. వచ్చిన బళ్ళకి మళ్ళీ ఇంకో గోల. నా వరసలో అందరూ ఒకే శుక్రవారం, ఒకే ముహూర్తంలో కావాలన్నారు. ఆ పూట షోరూంలో కొబ్బరికాయలు కొట్టిన నీళ్ళ మీద జారి, తన కంపెనీకి బళ్ళు కొనడానికొచ్చిన ఒక ఫ్లీట్ మేనేజరు చతికిలబడ్డాడు.

ఇన్నేళ్ళుగా ఎవరు ముందు అడిగారో వాళ్ళకి ముందు ఇవ్వడమే న్యాయమనుకున్నాను. ఇప్పటికీ వరస తప్పను. కానీ బళ్ళు తక్కువా, కావాలన్నవాళ్ళు ఎక్కువా ఉన్నప్పుడు, వరసలో ఉన్నవాళ్ళలో కాస్త ఆగగలిగినవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళకి ఆ సంగతి వాళ్ళ నోటితోనే అనిపించాలి. మనం చెబితే వినరు, పెన్నిమ్మంటారు. డాక్టరుగారు తన బండిని తనే వదులుకున్నారు. నేను చేసిందల్లా ఆయన చూసేదాకా కాసేపు ఆపడం. అంత గొప్పగా నేనింకే అమ్మకమూ చెయ్యలేదు. అది నిజం, ఇందులో కోతలు లేవు.

అందుకే ఇప్పుడు ఆర్డరు రాసుకునే ముందు ఒక ప్రశ్న అడుగుతున్నాను: "ఈ యూట్ మీ చేతికొచ్చిన మొదటి రోజు ఎక్కడికెళ్తుంది?" కొందరు ఊపిరి తీసుకోకుండా చెప్పేస్తారు, ఫలానా సైటుకి, ఫలానా ఇంటికి, ఫలానా పనికి. మొన్న ఒక కుర్రాడు చాలాసేపు ఆలోచించి, "తెలీదు అంకుల్, ముందు ఫొటో తీసుకుంటా," అన్నాడు. అతని పేరు పక్కన పెన్సిలుతో రాసుకున్నాను: తొందర లేదు, మంచివాడు, అడిగితే ఆగుతాడు.